బేరియాట్రిక్ సర్జరీ తర్వాత వ్యాయామం: ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎలా పెంచుకోవాలి

బరువు తగ్గడానికి జీర్ణాశయం మీద చేసే బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నవారు వ్యాయామం విషయంలో సాధారణంగా రెండు రకాలుగా పొరబడుతుంటారు. మొదటి నెలల్లో బరువు తనంతట తానే దిగిపోతుంటే ఇక చెమటోడ్చవలసిన అవసరమేముందని కొందరు వ్యాయామాన్ని వాయిదా వేస్తారు. ఎంత ఎక్కువ నడిస్తే అంత త్వరగా తగ్గుతామన్న ఆశతో, సరిపడా ఆహారం లోపలికి పోని రోజుల్లోనే శక్తికి మించి శ్రమించి, నీరసించి, చివరికి విసిగి మానేసేవారు మరికొందరు. ఈ దశలో వ్యాయామం ఏ పని చేయగలదో, ఏ పని చేయలేదో ముందుగా తెలిస్తే ఈ రెండు పొరబాట్లూ తప్పుతాయి.

మొదట ఒక చిన్న లెక్క చూడాలి. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి నిల్వ ఉంటుంది. 100 కిలోల బరువున్న మనిషి చదునైన నేల మీద మామూలు వేగంతో ఒక కిలోమీటరు నడిస్తే, ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే దానికి అదనంగా దాదాపు 50 కేలరీలు ఖర్చవుతాయి. అంటే కేవలం నడకతోనే ఒక కిలో కొవ్వు కరగాలంటే 150 కిలోమీటర్ల పైచిలుకు నడవాలి. అదే మనిషి 70 కిలోలకు తగ్గాక కిలోమీటరుకు దాదాపు 35 కేలరీలే ఖర్చవుతాయి కాబట్టి ఆ దూరం 220 కిలోమీటర్లకు పెరుగుతుంది. ఆపరేషన్ అయిన తొలి నెలల్లో ఆహారం తగ్గిపోవడం వల్ల ఏర్పడే శక్తి లోటు ముందు ఈ ఖర్చు చాలా చిన్నది. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో దాదాపు 75 నుంచి 80 శాతం భాగాన్ని తొలగిస్తారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పై భాగాన్ని చిన్న సంచిలా వేరుచేసి, దానిని చిన్నపేగుకు నేరుగా కలుపుతారు. రెండింటిలోనూ తినగలిగే పరిమాణం తగ్గడమే కాక, ఆకలిని, కడుపు నిండిన భావనను నడిపే హార్మోన్లు కూడా మారతాయి. తొలి ఏడాది బరువును దించేది ప్రధానంగా ఆ మార్పే. సర్జరీ తర్వాత వ్యాయామ శిక్షణ పొందినవారిని, పొందనివారిని పోల్చిన అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, వ్యాయామం వల్ల అదనంగా తగ్గిన బరువు సగటున రెండు మూడు కిలోలకు అటూ ఇటూగానే తేలింది.

ఈ అంకె చూసి నిరుత్సాహపడనవసరం లేదు. తూకం యంత్రం మొత్తం ఎంత తగ్గిందో చెబుతుందే కాని, ఏది తగ్గిందో చెప్పదు. తగ్గిన బరువులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా, కొందరిలో అంతకన్నా ఎక్కువగానే, కండరాలతో కూడిన కొవ్వేతర భాగం ఉంటుంది. తినేది తక్కువై, ప్రొటీన్ చాలక, కండరాలకు పని కూడా లేనప్పుడు శరీరం కొవ్వుతో పాటు వాటినీ వాడుకుంటుంది. అలా తగ్గిన మనిషి అద్దంలో సన్నగా కనిపించినా మెట్లెక్కేటప్పుడు తొడలు వణుకుతాయి, కింద కూర్చుంటే చేయూత లేకుండా లేవలేరు, విశ్రాంతిలో శరీరం ఖర్చు చేసే శక్తి కూడా పడిపోతుంది. బరువు తగ్గడం సాధారణంగా 12 నుంచి 18 నెలల మధ్య అట్టడుగుకు చేరి ఆగుతుంది. ఆ తర్వాత కొంత బరువు తిరిగి రావడం చాలామందిలో కనిపించేదే. మొదటి ఏడాది చేసే వ్యాయామాన్ని రెండో ఏడాదికీ ఆ తర్వాతి ఏళ్లకూ కూడబెట్టుకుంటున్న పెట్టుబడిగా చూడాలన్నది నా అభిప్రాయం. ఆకలి తక్కువగా ఉండి, రోజురోజుకూ శరీరం తేలికవుతూ, ఉత్సాహం నిండుగా ఉన్న ఆ కాలంలో అలవాటు పడని వ్యాయామం, ఆకలి కొంత తిరిగొచ్చిన తర్వాత అలవాటు కావడం చాలా కష్టం.

ఇక్కడ చెప్పే వారాలు, బరువులు చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ పద్ధతిలో, చిక్కులేవీ లేకుండా ఆపరేషన్ జరిగినవారికి సాధారణంగా వర్తించేవి. పొట్టను పెద్దగా కోసి చేసిన ఆపరేషన్ అయినా, గుండె జబ్బు, తీవ్రమైన కీళ్ల అరుగుదల వంటివి ఉన్నా, మీ సర్జన్ చెప్పిన గడువులే మీకు ప్రమాణం.

ఆస్పత్రిలో ఉన్న రోజులు

వ్యాయామం ఆపరేషన్ జరిగిన రోజే మొదలవుతుంది. మత్తు వదిలిన కొన్ని గంటల్లోనే నర్సు గాని, ఫిజియోథెరపిస్టు గాని మంచం అంచున కూర్చోబెట్టి, తర్వాత పట్టుకుని నాలుగడుగులు నడిపిస్తారు. నొప్పిగా ఉన్నప్పుడు లేపి నడిపించడం కఠినంగా అనిపించవచ్చు. అయితే ఆ నాలుగడుగుల ఉద్దేశం బరువు తగ్గించడం కాదు. అధిక బరువు, ఆపరేషన్, మంచం పట్టడం అనే మూడూ కలిసినప్పుడు కాళ్ల లోపలి సిరల్లో రక్తపు గడ్డలు ఏర్పడే ప్రమాదం పెరుగుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం కావచ్చు. పిక్కల కండరాలు ముడుచుకున్న ప్రతిసారీ రక్తం పైకి నెట్టబడుతుంది కాబట్టి, మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి పాదాలను పైకీ కిందికీ పది పదిహేనుసార్లు ఆడించాలి. లోతుగా గాలి పీల్చే సాధనం ఇస్తే, దానిని ఎలా ఎన్నిసార్లు వాడమన్నారో అలాగే వాడాలి. పొట్ట నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసుకుంటే ఊపిరితిత్తుల అడుగు భాగాలు సరిగా తెరుచుకోక న్యుమోనియాకు దారితీయవచ్చు. దగ్గవలసి వస్తే ఒక దిండును పొట్టకు అదిమి పట్టుకుని దగ్గితే నొప్పి తగ్గుతుంది.

ఇంటికి వచ్చిన తర్వాత ఆరో వారం వరకు

రక్తపు గడ్డలు ఎక్కువగా ఏర్పడేది డిశ్చార్జి అయి ఇంటికి చేరాకనే. అందుచేత ఆస్పత్రిలో రోజుకు నాలుగుసార్లు నడిచినవారు ఇంట్లో పడకకు అతుక్కుపోవడం ఏ విధంగానూ మంచిది కాదు. మొదటి వారంలో ఒక్కోసారి ఐదు నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు చదునైన చోట నడిస్తే చాలు. నిమిషాలను పెంచే ముందు, నడిచిన మర్నాడు శరీరం ఎలా ఉందో గమనించండి. ఉదయం లేచేసరికి అలసట తీరిపోయి ఉంటే ఒక్కో నడకకు రెండు మూడు నిమిషాలు చేర్చవచ్చు. తీరకపోతే అదే మోతాదులో మరో రెండు రోజులు కొనసాగించాలి. ఇలా పెంచుకుంటూ పోతే నాలుగో వారం ముగిసేసరికి చాలామంది రోజు మొత్తం మీద అరగంట నడవగలుగుతారు. ఎవరైనా అంతకన్నా ముందే గంట నడిచామని చెబితే వారితో పోటీ పడనక్కరలేదు.

ఈ ఆరు వారాల్లో చేయకూడనివి కొన్ని ఉన్నాయి. బయటి చర్మం మీద కుట్లు చిన్నవే అయినా, లోపలి పొరలు గట్టిపడడానికి వారాలు పడుతుంది. ఈలోగా పొట్టలో ఒత్తిడి పెరిగితే సాధనాలు దూర్చిన రంధ్రాల దగ్గర హెర్నియా (లోపలి భాగం పొట్ట గోడ గుండా బయటికి ఉబ్బడం) రావచ్చు. అందువల్ల ఐదు కిలోలకు మించిన బరువు ఎత్తకూడదు. నీళ్ల బకెట్టు, సామాను సంచి, చంకనెక్కుతానని మారాం చేసే పసిపిల్ల కూడా ఈ లెక్కలోకే వస్తారని చాలామందికి తట్టదు. పడుకుని నడుము పైకి లేపే పొట్ట వ్యాయామాలు, శరీరాన్ని మెలితిప్పేవి, పరుగు, గెంతడం ఇవేవీ వద్దు. పొట్ట వ్యాయామాలకు ఎనిమిది వారాలు ఆగడం మేలు. ఈతకు గాయాలు పూర్తిగా మూసుకుని, పొక్కులు రాలిపోయి, సర్జన్ అనుమతి ఇచ్చేదాకా వేచి ఉండాలి.

మరి ఈ వారాల్లో కండరాలకు పని ఎలా దొరుకుతుంది? రెండో మూడో వారం నుంచి, పొట్ట మీద ఒత్తిడి పడని తేలికపాటి కదలికలు మొదలుపెట్టవచ్చు. గట్టి కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోవడం, గోడను పట్టుకుని మడమలు లేపి దించడం, కూర్చుని ఒక్కో కాలినీ నిటారుగా చాపి ఐదు సెకన్లు నిలపడం వంటివి ఎవరైనా చేయగలరు. ఊపిరి బిగబట్టకుండా, లేచేటప్పుడు గాలి వదులుతూ చేయాలి.

కొన్ని లక్షణాలు కనిపిస్తే నడకా వ్యాయామమూ అన్నీ ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. విశ్రాంతిగా ఉన్నా నాడి నిమిషానికి 120 దాటి కొట్టుకుంటూ ఉండడం, జ్వరం, ఎడతెగని కడుపునొప్పి లేదా ఎడమ భుజంలో నొప్పి లోపలి కుట్ల దగ్గర లీకేజీకి సూచనలు కావచ్చు. ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి రక్తపు గడ్డకు గుర్తులు. రోజుల తరబడి వాంతులవుతూ అడుగులు తడబడుతున్నా, కాళ్లు తిమ్మిరెక్కుతున్నా, వస్తువులు రెండుగా కనిపిస్తున్నా అది వ్యాయామపు అలసట అని సరిపెట్టుకోకూడదు. అది థయామిన్ (విటమిన్ బి1) లోపం కావచ్చు, చికిత్స ఆలస్యమైతే నరాలకు శాశ్వత హాని మిగులుతుంది.

నడకను పెంచడం

ఆరో వారం తర్వాత పరీక్షించి అనుమతి ఇచ్చాక, నడకలో వేగం చేర్చాలి. వేగం సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. నడుస్తూ మాట్లాడగలగాలి కాని పాట పాడలేకపోవాలి. ఆ స్థాయిని మధ్యస్థ శ్రమ అంటారు. రక్తపోటుకు, గుండెకు బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో నాడి వేగం మందు వల్లే తగ్గి ఉంటుంది కాబట్టి, చేతి గడియారం చూపే అంకె కన్నా ఈ మాటల పరీక్షే నమ్మదగినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలను బలపరిచే వ్యాయామాలను సూచిస్తున్నాయి. మూడో నెల చివరికి 150 నిమిషాలకు చేరితే బాగా సాగుతున్నట్టే. ఒకేసారి అరగంట నడవలేనివారు పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా ఫలితానికి లోటుండదు.

మోకాళ్ల నొప్పుల వల్ల నడవలేనివారికి ఒకేచోట నిలబెట్టిన వ్యాయామ సైకిల్ తొక్కడం, గాయాలు మానాక నడుము లోతు నీళ్లలో నడవడం బాగా పనికొస్తాయి. వారికి ఊరటనిచ్చే విషయం మరొకటి ఉంది: మోకాలి అరుగుదల ఉన్నవారిలో చేసిన కొలతల ప్రకారం శరీరం ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి కీలు మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది. మొదటి నెలలో సాధ్యం కానిది ఐదో నెలలో సులువు కావడానికి ఇదే కారణం. అందుచేత ఒకసారి ప్రయత్నించి వదిలేసిన వ్యాయామాన్ని రెండు నెలలకోసారి మళ్లీ ప్రయత్నించి చూడాలి.

నొప్పి తగ్గడానికి మాత్రలు వేసుకోవడంలో మాత్రం జాగ్రత్త అవసరం. వ్యాయామం మొదలెట్టిన కొత్తలో ఒళ్లు నొప్పులకు చాలామంది అలవాటుగా వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి, ముఖ్యంగా బైపాస్ అయినవారిలో, పేగును కలిపిన చోట పుండు పడడానికి కారణమవుతాయి. డాక్టరును అడగకుండా వాటిని ముట్టుకోకూడదు. ఈ ఒక్క సంగతి ఇంట్లో మందులిచ్చే ప్రతివారికీ తెలిసి ఉండాలి.

కండబలం: అందరూ దాటవేసే భాగం

వ్యాయామం అనగానే నడక ఒక్కటే గుర్తుకు రావడం సహజం. నడక గుండెకు, రక్తనాళాలకు, మనసుకు ఎంతో మేలు చేస్తుంది. తగ్గుతున్న కండరాన్ని నిలబెట్టే శక్తి మాత్రం దానికి తక్కువ. కండరం నిలవాలంటే దానికి అలవాటైన బరువు కన్నా కాస్త ఎక్కువ బరువు మీద పని చెప్పాలి. ముందు బరువంతా తగ్గనీ, ఆ తర్వాత కండ పెంచుకుందామని వాయిదా వేసేవారు ఎక్కువ. పోయిన కండరాన్ని తిరిగి పెంచడం ఉన్నదాన్ని కాపాడుకోవడం కన్నా చాలా కష్టం కనుక ఈ వాయిదా నష్టాన్నే తెస్తుంది.

ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచి, అనుమతి వచ్చాక, వారానికి రెండు రోజులతో మొదలుపెట్టి, రెండు నెలల్లో మూడు రోజులకు పెంచవచ్చు. రెండు వ్యాయామ రోజుల మధ్య కనీసం ఒక రోజు విరామం ఉండాలి. పదుల కొద్దీ వ్యాయామాలు అవసరం లేదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం క్రమంగా బస్కీలుగా మారుతుంది. గోడకు చేతులానించి చేసే దండీలు కొన్ని వారాలకు బల్ల అంచు మీద చేసే దండీలవుతాయి. కిటికీ చువ్వకో, గట్టి స్తంభానికో కట్టిన రబ్బరు పట్టీని మోచేతులు వెనక్కి పోయేలా లాగడం వీపు కండరాలకు పని చెబుతుంది. బరువు తగ్గాక భుజాలు ముందుకు వంగిపోకుండా కాపాడేది ఇదే. ఒక మెట్టు ఎక్కి దిగడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులను పైకెత్తడం, రెండు చేతుల్లో సమానమైన బరువులు పట్టుకుని గదిలో అటూ ఇటూ నడవడం ఇందుకు చేరిస్తే శరీరంలోని పెద్ద కండరాలన్నిటికీ పని దొరికినట్టే. చివరిదాన్ని మూడో నెల తర్వాతే, తేలిక బరువులతో మొదలుపెట్టాలి.

మొదటి రెండు వారాలు ఒక్కోదాన్ని ఎనిమిది నుంచి పన్నెండుసార్లు, ఒకే విడతగా చేయాలి. ఆ తర్వాత రెండు విడతలకు, మరికొన్నాళ్లకు మూడు విడతలకు పెంచాలి. విడతకూ విడతకూ మధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. బరువు తగినదా కాదా అనేదానికి గుర్తు ఇది: పదో సారికి చేరుకునేసరికి, ఇంకో రెండుసార్లు మాత్రమే చేయగలనని అనిపించాలి. పన్నెండుసార్లు చేశాక కూడా ఇరవై చేయగలననిపిస్తే ఆ బరువు కండరానికి చాలదు. వరుసగా రెండు వ్యాయామ రోజుల్లో అన్ని విడతలూ పన్నెండుసార్లు సునాయాసంగా పూర్తయితే, మరుసటిసారి అరకిలో నుంచి కిలో వరకు పెంచాలి. లేదా పట్టీని ఒక మెట్టు గట్టిదానికి మార్చాలి. ఈ పెంపు లేకుండా ఏడాది పొడుగునా అవే ఒక కిలో డంబెల్స్ ఊపుతూ ఉండేవారు తమ శ్రమకు తగ్గ ఫలితం రాలేదని వాపోవడం వింతేమీ కాదు.

బరువు ఎత్తేటప్పుడు గాలి వదలాలి, దించేటప్పుడు పీల్చాలి. ఊపిరి బిగబడితే పొట్టలో ఒత్తిడీ, రక్తపోటూ ఒక్కసారిగా పెరుగుతాయి. నేల మీద చేసే వ్యాయామాలకు వెళ్లే ముందు, నేల మీది నుంచి లేవడాన్నే ఒక వ్యాయామంగా సాధన చేయడం మంచిది: ఒక పక్కకు ఒత్తిగిలి, చేతుల మీద, మోకాళ్ల మీద ఆనుకుని, ఒక పాదం ముందుకు వేసి, కుర్చీ పట్టుకుని లేవాలి. కింద పడితే ఒంటరిగా లేవగలనన్న ధైర్యం వచ్చాక మనిషి బయట తిరగడానికి జంకడు. వేగంగా బరువు తగ్గినవారిలో శరీర గరిమనాభి మారి కొన్నాళ్లు అడుగు నిలకడ తప్పినట్టుంటుంది కనుక, గోడ పక్కన ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడడం కూడా దినచర్యలో ఉండాలి.

ఎముకల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. బరువు తగ్గేకొద్దీ ఎముకల మీద భారం తగ్గడం, కాల్షియం, విటమిన్ డి సరిగా శోషణ కాకపోవడం వల్ల, ప్రత్యేకించి బైపాస్ తర్వాత, ఎముకల సాంద్రత తగ్గుతుంది. నిలబడి చేసేవి, బరువులతో చేసేవి ఆ తరుగుదలను కొంతమేరకు అడ్డుకుంటాయి; ఈత, సైకిల్ ఎముకలకు ఆ మేలు చేయవు. రోజుకు మొత్తం 1,200 నుంచి 1,500 మిల్లీగ్రాముల కాల్షియం అందేలా చూస్తారు. సిట్రేట్ రూపంలోని కాల్షియం ఆమ్లం తక్కువున్న జీర్ణాశయంలోనూ శోషణ అవుతుంది. దానిని ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకుండా కనీసం రెండు గంటల ఎడం ఉంచాలి.

తిండి, నీరు, మందులు

వ్యాయామం కండరానికి పని చెబుతుంది. దాన్ని కట్టే సామగ్రి ప్రొటీన్. సర్జరీ తర్వాత రోజుకు కనీసం 60 గ్రాములు, చాలామందికి 60 నుంచి 80 గ్రాముల వరకు సూచిస్తారు. మొదటి వారాల్లో అంత అందదు. అందుకే ఆ వారాల్లో కఠిన వ్యాయామం తగదు. ఘనాహారం మొదలయ్యాక ప్రతి భోజనంలో ప్రొటీన్ ఉన్న పదార్థాన్నే ముందుగా తినడం, దానిని ఒకేపూట కాక రోజంతా పంచుకోవడం మంచి పద్ధతి.

నీటి విషయంలో చిక్కు వేరు. మామూలు మనుషుల్లా దాహం వేసినప్పుడు గ్లాసెడు నీళ్లు గటగటా తాగే వీలు ఇప్పుడు ఉండదు. వ్యాయామం తర్వాత తాగి లోటు తీర్చుకుందామంటే కుదరదు కాబట్టి, ముందే శరీరంలో నీరు ఉండేలా చూసుకోవాలి. రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు లక్ష్యంగా పెట్టుకుని, సీసా దగ్గరుంచుకుని గుక్క గుక్కగా తాగుతూ ఉండాలి. భోజనంతో పాటు తాగకూడదు. తిన్న తర్వాత కనీసం అరగంట ఆగాలి. మూత్రం ముదురు పసుపు రంగులో ఉన్నా, లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్ముతున్నా ఆ రోజు వ్యాయామం మానుకుని నీటి లోటు తీర్చుకోవడమే సరైన పని. ఆటగాళ్ల కోసం అమ్మే తీపి పానీయాలు ఇక్కడ మేలు చేయకపోగా కీడు చేస్తాయి. పంచదార ఒక్కసారిగా పేగులోకి దిగితే పది నుంచి ముప్పై నిమిషాల్లో గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు రావచ్చు. దీనిని డంపింగ్ సిండ్రోమ్ అంటారు. బైపాస్ అయినవారిలో ఎక్కువ.

ఇంకొక రకం ఇబ్బంది తిన్న ఒకటి నుంచి మూడు గంటల మధ్య వస్తుంది. ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలై రక్తంలో చక్కెర పడిపోయి వణుకు, తడబాటు, కళ్లు తిరగడం కలుగుతాయి. ఇది సర్జరీ అయిన ఏడాది తర్వాత కూడా కొత్తగా మొదలు కావచ్చు. ఆ సమయంలో గట్టి వ్యాయామం తోడైతే పరిస్థితి మరింత దిగజారుతుంది. ఇలా ఒక్కసారి జరిగినవారు, ఎప్పుడు ఏమి తిన్నారో, ఎంతసేపటికి వ్యాయామం చేశారో రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించాలి. ఒంటరిగా ఈతకు గాని, రద్దీ దారుల్లో సైకిల్ మీద గాని వెళ్లడం అప్పటిదాకా మానుకోవాలి.

మధుమేహానికి ఇన్సులిన్ లేదా సల్ఫోనైల్‌యూరియా మాత్రలు, రక్తపోటు మాత్రలు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులు వాడేవారు మరొకటి గమనించాలి. బరువు తగ్గేకొద్దీ వీటి పాత మోతాదు ఎక్కువైపోతుంది. వ్యాయామం దానికి తోడవుతుంది. వ్యాయామం తర్వాత తల తిరుగుతుంటే సత్తువ లేదని అనుకోవడానికి ముందు చక్కెర, రక్తపోటు కొలిపించి, మోతాదు తగ్గించాలేమో అడగాలి. నడిచే వేగం పెరగకపోగా ఆయాసం పెరుగుతుంటే రక్తహీనత ఉందేమో చూడాలి. ఐరన్, బి12 లోపాలు ఈ సర్జరీల తర్వాత తరచుగా వచ్చేవే. వాటిని సరిచేయకుండా ఎంత పట్టుదలతో వ్యాయామం చేసినా సత్తువ రాదు.

తూకం ఆగిపోయినప్పుడు

మూడో నాలుగో వారంలో ఒకసారి, ఆరో నెల ప్రాంతంలో మరోసారి, ఏమీ తప్పు చేయకపోయినా తూకం కదలకుండా ఆగిపోవడం చాలామందికి అనుభవమే. అప్పుడు కంగారుపడి వ్యాయామాన్ని రెట్టింపు చేసి, తిండి ఇంకా తగ్గించడం కండరాన్ని బలిపెట్టడమే అవుతుంది. బరువులతో వ్యాయామం కొత్తగా మొదలుపెట్టినప్పుడు కండరాల్లో నీరు నిలిచి రెండు మూడు వారాలు తూకం ఆగినట్టు కనిపించడమూ ఉంది. అందుకే తూకాన్ని వారానికి ఒకసారికి పరిమితం చేసి, నాలుగు వారాలకోసారి వేరే కొలతలు తీసుకోవాలి. చేతులు కట్టుకుని కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టండి. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో, ఒకే దారిలో, ఒకే వేళ కొలవండి. నడుము చుట్టుకొలతతో పాటు వీటినీ, ఆ నెలలో చేస్తున్న మోతాదునూ ఒక పుస్తకంలో రాసుకోండి. తూకం నిలిచినా ఈ మూడూ మెరుగవుతుంటే శరీరం సరైన దారిలోనే ఉంది. కండరం, కొవ్వు శాతాలు చెప్పే ఇంటి యంత్రాల అంకెలు ఒంట్లోని నీటిని బట్టి మారిపోతాయి కనుక వాటికి ఎక్కువ విలువ ఇవ్వనక్కరలేదు.

చర్మం వేలాడడం గురించి ఒక మాట. వ్యాయామం కండరాన్ని నింపి కొంత మెరుగుపరచగలదు కాని, సాగిపోయిన చర్మాన్ని ముడవలేదు. మడతల్లో ఒరుసుకుని పుండ్లు పడకుండా ఒంటికి అంటిపెట్టుకునే దుస్తులు వేసుకుని, వ్యాయామం కాగానే మడతలను పొడిగా తుడుచుకోవాలి.

ఏడాది దాటాక

బరువు దిగడం ఆగిన తర్వాతే వ్యాయామం తన అసలు పనిలోకి దిగుతుంది. బరువు తగ్గి, తగ్గిన స్థితిలో ఉండిపోయినవారిని గమనించడానికి అమెరికాలో 1994లో నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీ మొదలైంది. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా దాన్ని నిలబెట్టుకున్నవారే అందులో చేరతారు. వారిలో ఎక్కువమంది ఆపరేషన్ లేకుండా తగ్గినవారైనా, వారు సగటున రోజుకు గంటసేపు శారీరక శ్రమ చేస్తున్నామని చెప్పడం మనకూ పనికొచ్చే సంగతే. తగ్గిన బరువు నిలవడానికి వారానికి 200 నుంచి 300 నిమిషాలు కావాలని వ్యాయామ నిపుణులు చెబుతారు. మొదటి ఏడాది 150కి అలవాటు పడినవారు నెలకు పదిహేను ఇరవై నిమిషాల చొప్పున చేర్చుకుంటూ పోతే ఆ అంకె అందుతుంది.

చేశామనుకున్నదీ నిజంగా చేసినదీ ఒకటి కాకపోవచ్చు. సర్జరీ అయినవారిని అడిగితే చురుకుదనం బాగా పెరిగిందని చెబుతారు. వారి ఒంటికి కదలికలు కొలిచే పరికరం కట్టి చూస్తే పెరుగుదల అంతంత మాత్రమేనని తేలింది. ఇందులో అబద్ధమేమీ లేదు. శరీరం తేలికైనందువల్ల ఇదివరకటి పనే హాయిగా అనిపించి, ఎక్కువ చేస్తున్నట్టు తోస్తుంది. కాబట్టి అడుగులు లెక్కించే సాధనం ఏదైనా ఉంటే వారానికోసారి సగటు చూసుకోవాలి. అది చూపే కేలరీల లెక్కను మాత్రం నమ్మి, ఇంత ఖర్చు చేశాను కదా అని తిండిలో వెసులుబాటు తీసుకోకూడదు. ఆ అంకెల్లో పొరపాటు చాలా ఎక్కువ. ఉదయం గంట నడిచినా మిగిలిన రోజంతా కూర్చునే ఉంటే ఆ మేలు కొంత తరిగిపోతుంది. కూర్చున్న ప్రతి గంటకూ రెండు మూడు నిమిషాలు లేచి తిరగడం ఇందుకు సరళమైన విరుగుడు.

జ్వరమో, ప్రయాణమో, ఇంట్లో శుభకార్యమో వచ్చి వ్యాయామం కొన్నాళ్లు ఆగిపోవడం ఎవరికైనా జరిగేదే. వారం లోపు విరామమైతే పాత మోతాదులోనే కొనసాగించవచ్చు. రెండు మూడు వారాలు ఆగిపోతే, బరువులను సగానికి, విడతలను ఒకటికి తగ్గించి, నడకను మూడింట రెండు వంతులతో మొదలుపెట్టి, రెండు వారాల్లో పూర్వపు స్థాయికి చేరుకోవాలి. రెండు నెలలకు మించి ఆగిపోయినప్పుడు కుర్చీలోంచి లేచే పరీక్ష, ఆరు నిమిషాల నడక మళ్లీ కొలుచుకుని, ఆ అంకెలు ఏ నెలలో నమోదైన వాటికి దగ్గరగా ఉన్నాయో పుస్తకంలో చూసి, ఆ నెలలో చేసిన మోతాదుతో తిరిగి మొదలుపెట్టాలి.